ఆత్మగౌరవ పునర్నిర్మాణం: ఉత్తర తెలంగాణ అనుభవం

మనిషి తనకు తాను కట్టుకునే విలువను ఆత్మగౌరవం అంటారు. అది దెబ్బతిన్నప్పుడు తనలోకి తాను చూసుకుని, దెబ్బ ఎక్కడ తగిలిందో పోల్చుకుని, తిరిగి తలెత్తుకునే క్రమం ఆత్మగౌరవ పునర్నిర్మాణం. మనస్తత్వశాస్త్రం దీన్ని ఎక్కువగా ఒంటరి మనిషి వ్యవహారంగానే చూసింది. పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల అనుభవం వేరు. ఇక్కడ ఒకరి విలువను ఇంకొకరు, అదీ తరాల తరబడి, దొరల గడీ అరుగు మీద కూర్చుని నిర్ణయించారు. కాబట్టి ఈ నేల మీద లోచూపు అంటే కళ్లు మూసుకుని కూర్చోవడం మాత్రమే కాదు. లోపల 'నువ్వెంత' అని అదిలిస్తున్న గొంతు తనదా, దొరదా, అప్పు ఇచ్చినవాడిదా అని పోల్చుకోవడం కూడా. ఆ పోల్చుకునే పని ఒక్కోసారి తత్వాల్లో, ఒక్కోసారి సంఘంలో, ఒక్కోసారి పటం కథలో జరిగింది.

ఈ వ్యాసం హుస్నాబాద్ చుట్టుపక్కల నుంచి బయలుదేరుతుంది. కరీంనగర్ జిల్లాలో ఉండిన ఈ ఊరు 2016 అక్టోబరు 11న జిల్లాలు విడిపోయినప్పుడు సిద్దిపేటలో చేరింది. పక్కనున్న చిగురుమామిడి కరీంనగర్‌లోనే ఉండిపోయింది. ముల్కనూరు, వంగర ఉన్న భీమదేవరపల్లి మండలం నేటి హనుమకొండ జిల్లాకు పోయింది. పటం మీద గీతలు మారాయి కానీ మాట, సంత, చుట్టరికం మారలేదు.

మాటల్లోనే ఉన్న తేడా

ఆత్మగౌరవం అనేది పుస్తకం మాట. ఊళ్లో దానికి దగ్గరి మాట 'ఇజ్జత్'. ఉర్దూ నుంచి వచ్చి తెలంగాణ తెలుగులో ఇంటి మాటగా కలిసిపోయింది. 'మందిల ఇజ్జత్ తీసిండు' అన్నప్పుడు పోయేది నలుగురి ముందు నిలబడే తాహతు. అంటే ఇజ్జత్ బయటి లెక్క, ఆత్మగౌరవం లోపలి లెక్క. రెండూ ఒకటే అనుకోవడం దగ్గరే చాలా కష్టాలు మొదలవుతాయి.

లోపల జరిగే ఆలోచనకు ఇక్కడ మూడు నాలుగు మాటలున్నాయి. 'సోంచాయించుడు' అంటే ఒక సంగతిని అటూ ఇటూ తిప్పి చూసి ఒక తీరుకు రావడం. 'రంది' అంటే తెగని దిగులు. 'రంది వెట్టుకోకు బిడ్డా' అనే మాట వినని ఇల్లు ఉండదు. రంది ముదిరి తిండి, నిద్ర పోయి మనిషి లోలోపల కరిగిపోతుంటే 'మనాది పట్టుకున్నది' అంటారు. 'యాది' అంటే జ్ఞాపకం. మనస్తత్వశాస్త్రం 20వ శతాబ్దం చివర్లో కొలతలు పెట్టి తేల్చిన తేడాను ఈ మాటలు ఎప్పటినుంచో పట్టుకుని ఉన్నాయి: ఆలోచించడం వేరు, ఆలోచనలో చిక్కుకుపోవడం వేరు. సోంచాయిస్తే తెల్లారుతుంది. రంది పెట్టుకుంటే రాత్రి ఇంకా పొడుగవుతుంది.

శాస్త్రం చెప్పేది

అమెరికా తాత్వికుడు విలియం జేమ్స్ 1890లో ఆత్మగౌరవానికి ఒక భాగహారం రాశాడు. సాధించినదాన్ని ఆశించినదానితో భాగిస్తే వచ్చేదే మనిషి తన మీద తనకుండే విలువ. పైనున్న అంకెను పెంచుకోవచ్చు, లేదా కిందున్న అంకెను తగ్గించుకోవచ్చు. ఆ కిందున్న అంకెను ఎవరు రాస్తారన్నది జేమ్స్ పెద్దగా అడగలేదు. దుబాయికి పోయివచ్చిన జగిత్యాల యువకుడి మీద ఇల్లు, బండి, చెల్లె పెళ్లి అనే ఆశలు పెట్టింది అతనొక్కడే కాదు కదా. 1902లో చార్లెస్ కూలీ ఆ ప్రశ్నకు దగ్గరగా వచ్చాడు. ఎదుటివాళ్ల కళ్లలో మనం ఎలా కనిపిస్తున్నామని ఊహించుకుంటామో, దాన్నిబట్టే మన మీద మనకు గర్వమో సిగ్గో కలుగుతుందన్నాడు. ఎదుటి మనిషే అద్దం అన్నమాట. అద్దమే వంకరైతే ఏం చేయాలన్నది ఈ వ్యాసం విషయం.

1965లో మోరిస్ రోసెన్‌బర్గ్ పది వాక్యాలతో తయారు చేసిన కొలబద్దను నేటికీ లోకమంతా వాడుతున్నారు. పది వాక్యాల్లో ఐదు తనను మెచ్చుకునేవి, ఐదు తనను చిన్నబుచ్చుకునేవి. ఏ వాక్యానికి ఎంత ఒప్పుకుంటారో చెప్పాలి. 1986లో కాలిఫోర్నియా రాష్ట్రం ఆత్మగౌరవం పెంచడానికి ఏకంగా ఒక ప్రభుత్వ సంఘాన్నే వేసింది. పిల్లలకు తమ మీద తమకు మంచి అభిప్రాయం కలిగిస్తే నేరాలు, మత్తు, చదువు మానేయడం తగ్గుతాయని దాని ఆశ. 2003లో రాయ్ బౌమైస్టర్ బృందం అప్పటిదాకా వచ్చిన పరిశోధనలను వడకట్టి చూస్తే ఆ ఆశకు బలం దొరకలేదు. ఆత్మగౌరవం ఎక్కువున్న పిల్లలు బాగా చదువుతారన్నది నిజమే, కానీ చాలావరకు చదువు వల్ల గౌరవం పెరుగుతోంది, గౌరవం వల్ల చదువు కాదు. ఉత్త పొగడ్త నిలవదని తేలింది.

లోచూపులోని రెండు దారులను 1999లో ట్రాప్‌నెల్, క్యాంప్‌బెల్ అనే పరిశోధకులు విడదీశారు. తనను తెలుసుకోవాలన్న కుతూహలంతో చూసుకోవడం ఒకటి, భయంతో, పోగొట్టుకున్న బాధతో తవ్వుకోవడం మరొకటి. రెండో దారి దిగులును పొడిగిస్తుందని సూజన్ నోలెన్-హోక్సెమా 1990ల నుంచి చూపుతూ వచ్చింది. జేమ్స్ పెన్నెబేకర్ 1986లో ప్రచురించిన ప్రయోగం ఇంకా సులువైనది. మనసులో గాయమైన సంఘటన గురించి విద్యార్థులను రోజుకు 15 నిమిషాల చొప్పున నాలుగు రోజులు రాయమన్నాడు. జరిగిందానితో పాటు అప్పుడు కలిగిన బాధను కూడా రాసినవాళ్లు తర్వాతి నెలల్లో దవాఖానకు తక్కువసార్లు వెళ్లారు. 2003లో క్రిస్టిన్ నెఫ్ 'తన మీద తనకు దయ' అనే భావనను ముందుకు తెచ్చింది. అందులో ఒక పాలు, ఈ కష్టం నా ఒక్కడిదే కాదన్న ఎరుక. ఊరి ముసలమ్మ 'అందరికి అయ్యేదే బిడ్డా' అని వీపు నిమిరినప్పుడు చేసే పని అదే.

బాంచెన్

నిజాం రాజ్యంలో వెట్టి ఒక పని మాత్రమే కాదు, ఒక భాష కూడా. చాకలి, మంగలి, కుమ్మరి, మాదిగ కుటుంబాలు గడీకి కూలి లేకుండా చేసిన పనుల గురించి చాలా రాశారు. ఆ పనులతో పాటు నడిచిన మాటల గురించి రాసింది తక్కువ. 'బాంచెన్ దొరా, నీ కాల్మొక్త' అనేది దండం కాదు, సంతకం. నేను నీ బానిసనని నోటితో రోజూ చేసే సంతకం. పేర్లను కూడా కోసేవారు. తల్లి రాజయ్య అని పెట్టుకుంటే గడీలో రాజిగాడు. ఎల్లమ్మ ఎల్లి అయ్యేది. 'అయ్య' అనే తోకను మనిషికి దక్కకుండా చేయడం చూడ్డానికి చిన్న సంగతే. రోజుకు ఇరవై సార్లు, అరవై ఏళ్లు విన్న చెవికి అది చిన్నది కాదు. చివరికి ఆ మనిషి తనను తాను తలుచుకునేటప్పుడు కూడా రాజిగాడనే తలుచుకుంటాడు. దొర గొంతు లోపలికి చేరడమంటే అదే.

1930లో జోగిపేటలో మొదలైన ఆంధ్ర మహాసభ 1944 భువనగిరి సభ నాటికి కమ్యూనిస్టుల చేతికి వచ్చి పల్లెల్లో 'సంఘం' అయింది. కరీంనగర్ ప్రాంతంలో దాన్ని నడిపినవారిలో బద్దం ఎల్లారెడ్డి, అనభేరి ప్రభాకర్ రావు ముఖ్యులు. పోలంపల్లికి చెందిన అనభేరి దేశ్‌ముఖ్ ఇంట్లో పుట్టినవాడు. 1948 మార్చి 14న హుస్నాబాద్ దగ్గర మహ్మదాపూర్ గుట్టల్లో నిజాం బలగాలతో పోరులో సింగిరెడ్డి భూపతిరెడ్డి, మరికొందరు సహచరులతో కలిసి చనిపోయాడు. ఆయనను వీరుడిగా తలుచుకోవడం పరిపాటి. ఈ వ్యాసానికి కావలసింది మరో కోణం. తనను పెద్దను చేసిన అరుగు తప్పుడు అరుగని ఒక దొర బిడ్డ సోంచాయించి కిందికి దిగాడు. ఆత్మపరిశీలన కింద పడ్డవాడికే కాదు, పైన కూర్చున్నవాడికి కూడా అవసరమన్న దానికి ఈ ప్రాంతంలో ఇంతకన్నా గట్టి ఉదాహరణ దొరకదు.

నిజాం రాజ్యాన్ని దేశంలో కలిపిన పోలీసు చర్య తర్వాత, జాగీర్ల రద్దు తర్వాత కూడా గడీల ముందు చెప్పులు చేతపట్టుకుని నడిచే ఊళ్లు మిగిలాయి. 1978 సెప్టెంబరులో వేలాది రైతు కూలీలు జగిత్యాలలోకి ఊరేగింపుగా నడిచివచ్చారు. దాన్ని జైత్రయాత్ర అన్నారు. కూలి రేట్లు, బంజరు భూములు, వెట్టి, దండుగల సొమ్ము వాపసు అప్పటి కోరికలు. కొన్ని ఊళ్లలో దొరలకు చాకలి, మంగలి పనులు నిలిపేసి సాంఘిక బహిష్కారం పెట్టారు. అదే ఏడు అక్టోబరులో ప్రభుత్వం సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. ఆ ఉద్యమం భూమి విషయంలో ఎంత సాధించిందన్న దాని మీద వాదాలున్నాయి. పిలుపు విషయంలో వాదం అక్కర్లేదు. రాజిగాడు రాజయ్య అయ్యాడు.

సంఘాలు ఈ ప్రాంతానికి 'ఆత్మవిమర్శ' అనే మాటను కూడా తెచ్చాయి. కమ్యూనిస్టు పార్టీల్లో సమావేశం చివర విమర్శ, ఆత్మవిమర్శ ఒక పద్ధతి. చేసిన తప్పును నలుగురిలో ఒప్పుకుని దిద్దుకోవాలి. పేరు ప్రఖ్యాతులున్న నాయకుడికి అది మంచి మందు. పుట్టినప్పటి నుంచి 'నీదే తప్పు' అని విన్న కూలిమనిషికి మాత్రం ముందు కావలసింది తప్పుల లెక్క కాదు, తనకు తప్పు పట్టే హక్కు కూడా ఉందన్న నమ్మకం. ఆత్మవిమర్శకు, ఆత్మపరిశీలనకు తేడా ఇక్కడ తెలుస్తుంది. మొదటిది ఏం చేశావని అడుగుతుంది, రెండోది ఎవరివని అడుగుతుంది.

ఎరుక, బయలు

ఎవరివి అన్న ప్రశ్నను సంఘాల కన్నా ముందే తత్వాలు అడిగాయి. రాత్రి పనులయ్యాక తంబుర, తాళాలు పట్టుకుని చిన్న బృందంగా కూర్చుని పాడుకునే తత్వాలకు తెలంగాణలో అచల సిద్ధాంతం పెద్ద దన్ను. దాని పరిభాషలో 'ఎరుక' అంటే నేను, నాది అన్న తెలివిడి. పేరు, రూపం, కులం అన్నీ ఆ ఎరుకలో పుట్టినవే. దానికి అవతల కదలక మెదలక ఉండేది 'బయలు', పరిపూర్ణం. ఎరుక నిజం కాదని గురువు ద్వారా తెలుసుకోవడమే ముక్తి.

పైకి చూస్తే ఇది ఆత్మగౌరవానికి ఎదురు మాట. నేను అన్నదే అబద్ధమైతే ఇక నా విలువ ఏమిటి? కానీ ఆ పాట పాడిన మనిషి ఎవరో చూడాలి. అచల గురువుల్లో నేత, గీత, దళిత కులాలవారు ఎందరో ఉన్నారు. నల్గొండ ప్రాంతంలో 19వ శతాబ్దపు దున్న ఇద్దాసు దళిత కుటుంబంలో పుట్టి తత్వకవిగా, గురువుగా నిలిచాడు. 'నేను తక్కువవాణ్ని' అన్నదే అబద్ధమని ఆ సిద్ధాంతం చెబుతుంటే, పగలంతా ఆ మాటే విన్నవాడికి రాత్రి ఎంత ఊపిరి ఆడి ఉంటుంది. గురువు ఎదుట కులం పక్కన పెట్టి ఒకే బంతిలో కూర్చోవడం సామాన్యం కాదు. తెల్లారితే మళ్లీ గడీ ఉండేది. తత్వం లోపలి గొంతును మార్చింది కానీ బయటి అరుగును ముట్టుకోలేదు. ఆ లోటును మరిచి దీన్ని ఆకాశానికెత్తడం సరికాదు, ఆ లోటు ఉందని కొట్టిపారేయడమూ సరికాదు.

హైదరాబాదులో దళిత నాయకుడు భాగ్యరెడ్డి వర్మ (1888–1939) మరో దారి పట్టాడు. 1906లో జగన్మిత్ర మండలి పెట్టి హరికథలతో మొదలుపెట్టిన ఆయన, 1917లో బెజవాడలో పంచమ మహాసభ అధ్యక్షుడిగా 'పంచమ' అనే పేరునే ప్రశ్నించాడు. ఆ సభ ఆది ఆంధ్ర మహాసభ అయింది. నిజాం రాజ్యంలో 1931 జనగణన నాటికి 'ఆది హిందూ' అన్నది సర్కారు లెక్కల్లోకి ఎక్కింది. మేం తర్వాత వచ్చిన ఐదోవాళ్లం కాదు, మొదట ఉన్నవాళ్లం అన్న వాదనలో చరిత్ర ఎంత, ఊహ ఎంత అని తర్కించవచ్చు. లెక్కరాసేవాడి కలం కింద తన పేరు తాను చెప్పుకోవడంలో ఉన్న బలం మాత్రం తర్కానికి అందేది కాదు. తమిళనాట పెరియార్ ఆత్మగౌరవ ఉద్యమం 1925లో మొదలైంది. దానికి ఎనిమిదేళ్ల ముందే ఈ వాదన తెలుగునాట వినిపించింది.

యాస, యాది

తెలంగాణ తెలుగు మాట్లాడే పిల్లవాడు బడిలో నోరు తెరిస్తే తప్పు, సినిమాకు పోతే తన మాట విలన్ నోట్లోనో, హాస్యగాడి నోట్లోనో. కనీసం రెండు తరాలు ఈ రెండు గోడల మధ్య పెరిగాయి. కోస్తా జిల్లాల చదువుకున్నవారి భాషే ప్రమాణం కావడం వల్ల 'అచ్చిండు, పోయిండు' అనేవాడు పట్నంలో నోరు కట్టేసుకోవడం నేర్చుకున్నాడు. కవి కాళోజీ నారాయణరావు (1914–2002) బడి నేర్పే భాష, జనం పలికే భాష అని రెండు చేసి రెండో దాని పక్షాన నిలబడ్డాడు. ఆయన పుట్టినరోజు సెప్టెంబరు 9ని 2014 నుంచి తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుతున్నారు.

ఆదిలాబాద్ నుంచి సామల సదాశివ (1928–2012) వేరే పని చేశాడు. ఉర్దూ, ఫారసీ, మరాఠీ, తెలుగు తెలిసిన ఈ పండితుడు తన జ్ఞాపకాల పుస్తకానికి 'యాది' అని పేరు పెట్టాడు. హిందుస్తానీ సంగీతం మీద రాసిన 'స్వరలయలు'కు 2011లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. మారుమూల అనిపించుకున్న జిల్లాలో కూర్చుని, వాదులాటకు దిగకుండా, ఇంటికి వచ్చిన మనిషితో ముచ్చటపెట్టినట్టు రాయడం ఆయన తీరు. గౌరవం ఇవ్వండని అడగకుండానే మాటకు గౌరవం తెచ్చాడు. ఈ వ్యాసకర్త దృష్టిలో ఎన్నో ఉపన్యాసాల కన్నా ఆ పుస్తకం పేరే ఎక్కువ పని చేసింది.

హుస్నాబాద్ పక్కనే వంగరలో పెరిగిన పి.వి. నరసింహారావు 1998లో ఇంగ్లీషులో అచ్చువేసిన ఆత్మకథాత్మక నవల తెలుగులో 'లోపలి మనిషి'గా వచ్చింది. పేరు చూసి లోచూపు కోసం తెరిచినవాళ్లకు రాజకీయాల లోపలే ఎక్కువగా కనిపిస్తుంది, మనిషి లోపల తక్కువగా. రాజకీయ నాయకుడికి అంతకన్నా ఎక్కువగా కిటికీ తెరవడం కష్టమేమో.

ముల్కనూరు పుస్తకం

1956లో అలిగిరెడ్డి కాశీవిశ్వనాథరెడ్డి ముల్కనూరులో సహకార గ్రామీణ పరపతి సంఘాన్ని పెట్టాడు. విత్తనం, ఎరువు, అప్పు, పంట అమ్మకం అన్నీ ఒకే గొడుగు కింద నడిపిన ఈ సంఘం దేశంలో చెప్పుకోదగ్గ సహకార సంఘాల్లో ఒకటైంది. మొదట్లో అందులో సభ్యులు ఎక్కువగా మగవాళ్లే. 1990లలో సహకార వికాస సంస్థ తోడ్పాటుతో ఈ చుట్టుపక్కల ఊళ్లలో ఆడవాళ్ల పొదుపు సంఘాలు లేచాయి. వాటి మీది నుంచి 2000 తర్వాత మహిళల పాల సహకార సంఘం పుట్టింది. దాని పాలకు పెట్టిన పేరు స్వకృషి.

ఆత్మగౌరవం వ్యాసంలో పాల లెక్కలు ఎందుకంటే, పొదుపు పుస్తకం కూడా ఒక అద్దం. ఇంటి పని, బర్రె పని రెండూ చేసే ఆడమనిషిని 'ఏం చేస్తవ్' అని అడిగితే 'ఏం చేస్త, ఇంట్లనే ఉంట' అనే జవాబే వచ్చేది. పని కనిపించేది కాదు, ఆమెకు కూడా. పాలు పోసిన ప్రతి పూటా కొలత, వెన్న శాతం, రూపాయలు తన పేరు మీద కాగితం మీద పడినప్పుడు ఆ జవాబు మారింది. బౌమైస్టర్ బృందం తేల్చినదే ఇక్కడ బర్రెల కొట్టంలో కనబడుతుంది: ముందు పని, పని వెంట విలువ. సంఘం కూడిన రోజు గుండ్రంగా కూర్చుని అప్పు ఎవరికి ముందు అవసరమో మాట్లాడుకోవడంలో తన కష్టాన్ని పక్కదాని కష్టంతో పెట్టి చూసుకునే వీలు దొరుకుతుంది. రంది అక్కడ సోంచాయింపుగా మారుతుంది.

అప్పు, మగ్గం, దుబాయి

గడీ పోయిన చోటికి అప్పు వచ్చింది. సిరిసిల్ల మరమగ్గాల కార్మికుడు, ఆదిలాబాద్ పత్తిరైతు, గల్ఫ్ నుంచి ఉత్తచేతులతో తిరిగివచ్చిన కరీంనగర్ కూలీ ముగ్గురిదీ ఒకే తీరు అవమానం. అప్పిచ్చినవాడు వాకిట్లో నిలబడి నలుగురు వినేలా మాట్లాడతాడు. ఇజ్జత్ పోయిందంటే అంతా పోయిందన్న లెక్క మనసులో కూర్చుంటుంది. నూలు ధర, పత్తి ధర, వాన, ఏజెంటు మోసం వీటిలో ఏదీ అతని చేతిలోది కాదు. అయినా నష్టం మొత్తాన్ని తన చేతకానితనం ఖాతాలో రాసుకుంటాడు. మనాది మొదలయ్యేది ఇక్కడే. గడీ కాలంలో దొర పేరు కోసేవాడు, ఇప్పుడు మనిషే తన పేరు తాను కోసుకుంటున్నాడు.

ఇలాంటివారితో మాట్లాడే సలహాదారులు చేసే మొదటి పని ఈ ఖాతాలను విడదీయడం. ఎంత అప్పు, ఎవరికి, ఏ వడ్డీకి, అందులో పంట పోయిన వాటా ఎంత, పెళ్లి ఖర్చు ఎంత అని కాగితం మీద పెట్టిస్తారు. 'నేను పనికిరానివాణ్ని' అన్న ఒక్క పెద్ద వాక్యం ఆరేడు చిన్న వాక్యాలుగా విరిగితే, వాటిలో కొన్ని అబద్ధమని, కొన్ని దిద్దుకోగలిగినవని మనిషే కనిపెడతాడు. ఆరన్ బెక్ 1960లలో రూపొందించిన ఆలోచనా చికిత్స పని చేసేది ఇంచుమించు ఇలాగే. తీవ్రమైన దిగులుకు మాటలతో పాటు మందులు కూడా కావాలి. అలాంటప్పుడు లోచూపు పేరుతో మనిషిని ఒంటరిగా వదిలేయడం ప్రమాదం.

2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ సేవ 14416 నంబరులో రాత్రింబవళ్లు తెలుగులో కూడా, ఉచితంగా అందుతుంది. 2017 మానసిక ఆరోగ్య చట్టం ఇంకో ముఖ్యమైన మార్పు తెచ్చింది. ప్రాణం తీసుకోబోయి బతికినవారిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవారిగానే చూడాలి, నేరస్థులుగా కాదు. దవాఖాన మంచం దగ్గర పోలీసు నిలబడటానికి, డాక్టరు నిలబడటానికి ఉన్న తేడా ఆ మంచం మీది మనిషికి తెలుసు.

నినాదం

ఆత్మగౌరవం అనే మాట రాజకీయాల్లో చాలా అరిగింది. 1982 మార్చిలో పుట్టిన తెలుగుదేశం పార్టీ ఢిల్లీ ముందు తెలుగువారి ఆత్మగౌరవమని అన్నది. 2001 ఏప్రిల్‌లో పుట్టి, మే నెలలో కరీంనగర్‌లో సింహగర్జన సభ పెట్టిన తెలంగాణ రాష్ట్ర సమితి అదే మాటను తెలంగాణకు వాడింది. ఒకే మాట ఒకసారి కలిసి ఉండటానికి, ఇంకోసారి విడిపోవడానికి పనికొచ్చింది. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చాక వెనుకబడిన కులాలకు హైదరాబాదులో 'ఆత్మగౌరవ భవనాలు' అని స్థలాలు ఇచ్చారు. భవనం మంచిదే, పెళ్లిళ్లకు పనికొస్తుంది. అయితే ఈ కులాలు తమ గౌరవాన్ని సిమెంటు రాకముందే ఇంకోచోట దాచుకున్నాయి.

పటం ముందు

తెలంగాణలో చాలా కులాలకు తమ కథ చెప్పే ఆశ్రిత కులం ఒకటి ఉంది. పద్మశాలీలకు కూనపులివారు మార్కండేయ పురాణం చెబుతారు. గీత కులంవారికి గౌడ పురాణం, చాకలివారికి మడేలు పురాణం, మంగలివారికి అద్దపు సింగులు చెప్పే కథ ఉన్నాయి. ముదిరాజులకు కాకిపడగలవారు పాండవుల కథ పాడతారు. వీటిలో కొన్నింటికి గజం వెడల్పున, గజాల కొద్దీ పొడవున బట్ట మీద వేసిన పటాలుంటాయి. హుస్నాబాద్‌కు దూరం కాని చేర్యాలలో నకాషీ కళాకారులు ఆ పటాలు గీస్తారు. పొద్దుగూకాక వాడలో గుంజకు పటం కట్టి, ఒక్కో గడి విప్పుతూ కథ చెబుతారు. పగలు ఊరికి గుడ్డలుతికిన కులం రాత్రి పటం ముందు కూర్చుని తాను వీరభద్రుడి వంశమని వింటుంది. దైవం కావాలని పుట్టించిన కులం, పని దైవం అప్పజెప్పిన పని, ఊరే ఆ కులానికి బాకీ. లోకం తలకిందులుగా నిలబడుతుంది, లేదా కాళ్ల మీద నిలబడుతుంది.

ఇక్కడ లోచూపు సామూహికం. ఎవరూ కళ్లు మూసుకోరు, అందరూ పటం చూస్తారు. వాళ్లు చూస్తున్నది మాత్రం తమనే. చార్లెస్ కూలీ చెప్పిన ఎదుటివారి అద్దాన్ని పక్కన పెట్టి, తామే డబ్బిచ్చి గీయించుకున్న అద్దం అది. గీత కులంలో పుట్టి 1708లో ఓరుగల్లు కోట పట్టిన సర్వాయి పాపన్న కథ కూడా ఇలాగే బతికింది. మొఘల్ రాతల్లో అతను దోపిడీదారు. 1874లో ఒక ఇంగ్లీషు పత్రికలో అచ్చయిన జానపద గాథలో, తల్లి వద్దంటున్నా కులవృత్తికి కట్టుబడకుండా గోలకొండ మీదికి పోతానన్న కొడుకు. హుస్నాబాద్ దగ్గర సర్వాయిపేటలో అతని పేరున కోట ఉంది.

ఆదిలాబాద్ గోండులకు ఇలా తమ కథ చెప్పేవారు పర్ధాన్‌లు. కీంగ్రి వాయిస్తూ గోత్రాల పుట్టుక పాడతారు. నిజాం మీద తిరగబడ్డ గోండు నాయకుడు కుమ్రం భీము 1940లో జోడేఘాట్‌లో చనిపోయాక నిజాం సర్కారు పంపిన మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్, మార్లవాయిలో ఉండి 1943లో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ మొదలుపెట్టాడు. గోండు పిల్లలు గోండిలోనే అక్షరాలు దిద్దడం ఆ బడుల ప్రత్యేకత. దశాబ్దాల తర్వాత నార్నూర్ మండలం గుంజాలలో పాత రాతప్రతులు బయటపడ్డాయి. ఆ గోండి లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దొరికింది. 'మీకు లిపి లేదు' అని విన్న జాతి ఇంట్లో అటక మీద లిపి ఉండటం చిన్న సంగతి కాదు.

ఈ కులకథల్లో అన్నిటికన్నా గట్టిది జాంబపురాణం. మాదిగలకు డక్కలివారు చెబుతారు. భూమి పుట్టడానికి ఆరు నెలల ముందే జాంబవుడు పుట్టాడన్నది దాని ఆరంభం. ఆది దేవుళ్లకు కూడా పెద్దన్నయ్య తమవాడని వాడలో పిల్లలు పెద్దలు కలిసి వింటారు. ఆ కథ చెప్పే డక్కలి మాత్రం వాడ బయటే గుడిసె వేసుకోవాలి. మాదిగ ఇంట్లోకి అడుగు పెట్టకూడదు, పెట్టింది దూరం నుంచి అందుకోవాలి. అంటరానితనం పడ్డవారు కూడా అంటరానివారిగా చూసిన కులం వారిది. అందరికీ పెద్దరికం పంచేవాడికి తన పెద్దరికం పాడటానికి కింద ఇంకో కులం లేదు. అందరికీ అద్దం గీయించిన ఈ ఏర్పాటు అతని దగ్గరికి వచ్చేసరికి ఆగిపోతుంది.

2022లో దర్శనం మొగులయ్యకు పద్మశ్రీ వచ్చినప్పుడు వార్తల్లో పన్నెండు మెట్ల కిన్నెర గురించి రాశారు. ఆ కిన్నెర డక్కలివారిది. 2025 ఏప్రిల్ 14న తెలంగాణలో అమల్లోకి వచ్చిన ఎస్సీ వర్గీకరణ చట్టం 59 కులాలను మూడు గుంపులు చేసింది. అందరికన్నా వెనకబడ్డవారని ఒక శాతం రిజర్వేషన్ ఇచ్చిన మొదటి గుంపులో డక్కలి పేరుంది.